ఉరఃకుహరంలో చేరిన గాలి: కారణాలు, నిర్ధారణ, చికిత్స

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఛాతీలో గాలి ఎక్కడ చేరుతుందో, ఊపిరితిత్తి ఎందుకు ముడుచుకుపోతుందో వివరించగలుగుతారు.
- ఈ స్థితికి కారణాలను వర్గీకరించగలుగుతారు.
- ఎక్స్-రే కోసం ఆగదగిన రోగిని, ఆగకూడని రోగిని వేరుచేసి గుర్తించగలుగుతారు.
- చికిత్సా పద్ధతులను, రోగిని తరలించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలుపగలుగుతారు.

1. పరిచయం

భద్రాచలం ఏజెన్సీలోని ఒక గ్రామాన్ని ఊహించుకోండి. తాటిచెట్టు ఎక్కిన ఒక గీత కార్మికుడు జారి కింద పడ్డాడు. పైకి గాయం కనిపించలేదు. కుడి పక్కటెముకల దగ్గర నొప్పి, కొద్దిపాటి ఆయాసం ఉన్నాయి. లేచి కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. సర్దుకుంటుందిలే అనుకున్నారు. గంట తిరిగేసరికి మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చింది. రక్తం కారకపోయినా ఇతని ప్రాణం ప్రమాదంలో ఎందుకు పడింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ భాగం లక్ష్యం.

2. గాలి ఎక్కడ చేరుతుంది?

ప్రతి ఊపిరితిత్తినీ పుపుస త్వచం అనే రెండు పలుచని పొరలు కప్పి ఉంటాయి. లోపలి పొర ఊపిరితిత్తికి, బయటి పొర ఛాతీ గోడకు అంటుకొని ఉంటాయి. ఈ రెండింటి మధ్య కొద్దిపాటి ద్రవం తప్ప గాలి ఉండదు. అక్కడి పీడనం విశ్రాంతి స్థితిలో వాతావరణ పీడనం కంటే సుమారు 5 సెం.మీ. నీటి ఎత్తు మేరకు తక్కువగా ఉంటుంది. సాగే గుణం వల్ల ఊపిరితిత్తి ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది. దానిని విప్పి ఉంచేది ఈ తక్కువ పీడనమే.

ఏ పొరకు రంధ్రం పడినా గాలి ఆ ఖాళీలోకి చొరబడుతుంది. పీడన భేదం పోతుంది, ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. దీనినే న్యూమోథొరాక్స్ అంటారు.

3. కారణాలు

అ) ప్రాథమికం: పైకి ఏ ఊపిరితిత్తుల జబ్బూ లేనివారిలో దానంతటదే వస్తుంది. పొడవుగా, సన్నగా ఉండే యువకుల్లో, ముఖ్యంగా పొగతాగేవారిలో ఎక్కువ. ఊపిరితిత్తి పైభాగంలోని చిన్న గాలి బుడగలు పగలడమే సాధారణ కారణం.

ఆ) ద్వితీయం: ముందే ఉన్న జబ్బు వల్ల వస్తుంది. క్షయ, దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధ వ్యాధి, దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులు ఇందులో ముఖ్యమైనవి. క్షయలో ఊపిరితిత్తిలో ఏర్పడిన గుల్ల పుపుస త్వచంలోకి పగలవచ్చు. అప్పటికే ఊపిరితిత్తి దెబ్బతిని ఉంటుంది కాబట్టి కొద్దిపాటి గాలి చేరినా రోగి తట్టుకోలేడు.

ఇ) గాయం వల్ల: చెట్టు మీది నుంచి పడటం, రోడ్డు ప్రమాదం, పశువు కుమ్మడం, కత్తిపోటు వంటివి. విరిగిన పక్కటెముక మొన ఊపిరితిత్తికి గుచ్చుకుంటే చర్మం చిట్లకుండానే గాలి లోపల చేరుతుంది. మన ఉదాహరణలో జరిగినది ఇదే.

ఈ) చికిత్సలో భాగంగా: మెడలోని పెద్ద సిరలో గొట్టం వేసేటప్పుడు, వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు అరుదుగా రావచ్చు.

4. టెన్షన్ న్యూమోథొరాక్స్

కొన్నిసార్లు రంధ్రం ఒకవైపే తెరుచుకునే కవాటంలా పనిచేస్తుంది. సైకిల్ ట్యూబు వాల్వులాగా గాలిని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. ప్రతి శ్వాసతో పీడనం పెరుగుతుంది. గుండె, పెద్ద రక్తనాళాలు రెండో వైపుకు నెట్టబడతాయి. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గిపోతుంది, రక్తపోటు పడిపోతుంది. సకాలంలో గాలి తీయకపోతే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

5. నిర్ధారణ

సాధారణ లక్షణాలు ఉన్నట్టుండి ఛాతీలో ఒక పక్క పొడిచినట్లు నొప్పి, ఆయాసం. పరీక్షలో ఆ పక్క ఛాతీ తక్కువగా కదులుతుంది. స్టెతస్కోపుతో వింటే శ్వాస శబ్దం తగ్గి ఉంటుంది లేదా వినిపించదు. వేలితో తట్టితే ఖాళీ డబ్బా మీద తట్టినట్లు మోగుతుంది. గాలికి బదులు నీరో రక్తమో చేరితే శబ్దం మొద్దుగా ఉంటుంది.

నిలబెట్టి తీసిన ఎక్స్-రేలో ఊపిరితిత్తి అంచు సన్నని గీతలా కనిపిస్తుంది. దాని బయట రక్తనాళాల నీడలు ఉండవు. పడుకోబెట్టి తీస్తే కొద్దిపాటి గాలి కనిపించకపోవచ్చు. అల్ట్రాసౌండ్ మంచం పక్కనే త్వరగా చేయవచ్చు. సందేహం మిగిలితే సి.టి. స్కాన్ తీస్తారు.

గుర్తుంచుకోండి: తీవ్రమైన ఆయాసం, ఒక పక్క శ్వాస శబ్దం లేకపోవడం, నాడి వేగం, పడిపోతున్న రక్తపోటు కలిసి కనిపిస్తే అది టెన్షన్ న్యూమోథొరాక్స్ అని భావించాలి. మెడ సిరలు ఉబ్బవచ్చు, వాయునాళం పక్కకు జరగవచ్చు. కానీ ఈ రెండూ కనిపించే వరకు ఆగకూడదు. ఎక్స్-రే కోసం పంపకూడదు.

6. చికిత్స

అ) పరిశీలన: గాలి కొద్దిగా ఉండి, ఆయాసం లేకపోతే రోగిని గమనిస్తూ ఉంటే చాలు. ఆ పక్క ఛాతీ పరిమాణంలో రోజుకు సుమారు 1.25 నుంచి 2.2 శాతం గాలి దానంతటదే రక్తంలోకి పీల్చుకోబడుతుంది. ఆక్సిజన్ ఇస్తే ఇది వేగవంతమవుతుంది.

ఆ) సూదితో తీయడం: ప్రాథమిక రకంలో ఆయాసం ఉంటే సిరంజితో గాలిని లాగివేస్తారు.

ఇ) ఛాతీ గొట్టం: గాయం వల్ల వచ్చినవాటిలో, ద్వితీయ రకంలో ఎక్కువమందికి ఇది అవసరం. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి, దాని రెండో కొనను సీసాలోని నీటిలో సుమారు 2 సెం.మీ. లోతున ఉంచుతారు. గాలి బుడగలుగా బయటికి పోతుంది, నీరు అడ్డుగా ఉండటం వల్ల తిరిగి లోపలికి రాదు.

ఈ) అత్యవసర చికిత్స: టెన్షన్ స్థితిలో శిక్షణ పొందిన సిబ్బంది పెద్ద సూదిని పక్కటెముకల మధ్య గుచ్చి వెంటనే గాలిని వదులుతారు. ఆ తరువాత ఛాతీ గొట్టం వేస్తారు.

ఉ) తిరిగి రాకుండా: మళ్లీ మళ్లీ వచ్చేవారికి బుడగలను తొలగించి, రెండు పొరలనూ అతికించే శస్త్రచికిత్స చేస్తారు. పొగ మానడం అందరికీ అవసరం. క్షయ రోగికి గొట్టం గాలిని మాత్రమే తీస్తుంది, జబ్బును నయం చేసేది పూర్తికాలం వాడిన మందులే.

7. దూరం ఎక్కువైన చోట

భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కి.మీ. చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గ్రామాలవారు ముందు భద్రాచలం చేరాలి. కాబట్టి పెద్ద ఆసుపత్రికి పంపాలా అన్నదానికంటే, బయలుదేరే ముందు గాలికి దారి చేశామా అన్నది ముఖ్యమైన ప్రశ్న. టెన్షన్ లక్షణాలు ఉంటే దగ్గరలోని వైద్యుడి చేత గాలి తీయించిన తరువాతే ప్రయాణం. గొట్టం ఉన్న రోగిని తరలించేటప్పుడు సీసాను ఎప్పుడూ ఛాతీకంటే దిగువన, నిలువుగా ఉంచాలి. బుడగలు వస్తున్న గొట్టాన్ని బిగించి మూయకూడదు. మూస్తే టెన్షన్ స్థితిని మనమే సృష్టించినట్లవుతుంది.

గ్రామంలో ఉన్నవారు చేయవలసినది: 108కు ఫోన్ చేయడం, రోగిని సౌకర్యంగా ఉన్న భంగిమలో కూర్చోబెట్టడం, ఛాతీలో గుచ్చుకున్న వస్తువును లాగకుండా ఉంచడం, ఛాతీకి పడిన తెరిచిన గాయాన్ని గాలి చొరబడకుండా నాలుగు వైపులా మూసివేయకపోవడం. దెబ్బ తగిలిన తరువాత ఆయాసం పెరుగుతూ పోతే, పైకి గాయం లేకపోయినా ఆలస్యం చేయకూడదు.

సారాంశం

పుపుస త్వచపు పొరల మధ్య గాలి చేరితే ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. గాలి ఎంత చేరిందో, ఇంకా చేరుతోందా, బయటికి పోయే దారి ఉందా అనే మూడు విషయాలు చికిత్సను నిర్ణయిస్తాయి. సాధారణ స్థితిని ఎక్స్-రేతో నిర్ధారిస్తారు, టెన్షన్ స్థితిని మాత్రం రోగిని చూసి నిర్ధారించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆరోగ్యవంతుడిలో ఊపిరితిత్తి ముడుచుకోకుండా ఉంచేది ఏమిటి?
2. చర్మానికి గాయం కాకుండానే న్యూమోథొరాక్స్ ఎలా వస్తుంది?
3. ఒక రోగికి ఛాతీ పరిమాణంలో 15 శాతం గాలి చేరింది. దానంతటదే తగ్గడానికి సుమారు ఎన్ని రోజులు పడుతుందో లెక్కించండి. (జవాబు: 7 నుంచి 12 రోజులు)
4. పరిచయంలోని గీత కార్మికుడిని మీ ఊరి నుంచి తరలించాలంటే వరుసగా ఏయే పనులు చేస్తారో పది వాక్యాల్లో రాయండి.