బాణం లేకుండా నారి వదలకండి!

దసరా సెలవుల ముందు మా బడిలో నాటకం వేశారు. రాముడి వేషం వేసిన తొమ్మిదో తరగతి అబ్బాయి, బాణం లేకుండానే వెదురు విల్లు బలంగా లాగి వదిలాడు. మూడుసార్లు బాగానే ఉంది. నాలుగోసారి ఫట్‌మని చీలింది!

"బాణం వేస్తే విరగని విల్లు, ఉత్తినే లాగి వదిలితే ఎందుకు విరిగింది మాస్టారూ?" అన్నాడు.

మంచి ప్రశ్న! జవాబు కోసం ఇంగ్లండు దాకా వెళ్ళివద్దాం.

ఆ దేశపు పొడుగు విల్లు మనిషంత ఎత్తుంటుంది. శ్రేష్ఠమైనవాటిని యూ అనే చెట్టు కర్రతో చేసేవారు. విలుకాడి వైపుండే చేవ నొక్కుడును తట్టుకుంటుంది; అవతలివైపుండే లేతకర్ర సాగుడును తట్టుకుంటుంది. ఒకే కర్రలో రెండు గుణాలన్నమాట!

1545లో రోజర్ ఆస్కమ్ అనే పండితుడు తన 'టాక్సోఫిలస్' గ్రంథంలో ఈ విద్యకు ఐదు మెట్లు చెప్పాడు: నిలబడటం, బాణాన్ని నారికి తగిలించడం, లాగడం, పట్టి ఉంచడం, వదలడం. వినడానికి సులువే! కాని లాగవలసింది ఒక్క చేతులతో కాదు, వీపు కండలతో. హ్యూ లాటిమర్ అనే మతబోధకుడు 1549లో తన చిన్నతనం గుర్తుచేసుకుంటూ, వయసూ బలమూ పెరిగేకొద్దీ తండ్రి తగిన విల్లు కొనిచ్చాడనీ, ఒంటి బరువును వింటిమీద మోపడం నేర్పాడనీ చెప్పాడు.

ఆ క్రమం ఎందుకు? 1545లో మునిగిన 'మేరీ రోజ్' యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో వందకు పైగా విల్లులు దొరికాయి. వాటిలో చాలావాటిని లాగడానికి 45 కిలోల బరువెత్తేటంత బలం, అంతకుమించి కూడా, కావాలని అంచనా. కొందరు నావికుల భుజం ఎముకల్లో మార్పులు కనిపించాయి. చిన్ననాటి నుంచి బరువైన విల్లు లాగడమే కారణం కావచ్చని శాస్త్రజ్ఞులు భావించారు. కనుక కొత్తవారు తేలిక వింటితోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు చిన్న లెక్క. పూర్తిగా లాగితే 100 న్యూటన్ల బలం కోరే విల్లు తీసుకుని, నారిని అరమీటరు లాగామనుకోండి. బలం సున్న నుంచి 100 దాకా పెరుగుతుంది గనుక సగటు 50. చేసిన పని 50 × 0.5 = 25 జౌళ్ళు. అది వింటిలో స్థితిజశక్తిగా నిలవ ఉంటుంది. వదలగానే అందులో 70 శాతం, అంటే 17.5 జౌళ్ళు, 25 గ్రాముల బాణానికి గతిజశక్తిగా అందితే వేగం ఎంత? సెకనుకు సుమారు 37 మీటర్లు. గంటకు 130 కిలోమీటర్ల పైమాటే! అందుకే శిక్షకుడు లేకుండా బాణం ముట్టకూడదు, విలుకాడి ముందు ఎవరూ నిలవకూడదు.

మిగిలిన శక్తి వింటి కొమ్ములకూ నారికీ పోతుంది. మరి బాణమే లేకపోతే? మొత్తం 25 జౌళ్ళూ విల్లే భరించాలి. మన రాముడి విల్లు విరిగింది అందుకే!

నల్లబల్లమీద ఈ లెక్క చూశాక ఆ అబ్బాయి కొత్త విల్లు చేసుకున్నాడు. ఈసారి రంగస్థలంమీద నారి లాగి, వదలకుండా మెల్లగా వెనక్కి తెచ్చాడు. "ఝుమ్" అనే శబ్దం తెరవెనుక నుంచి మేం చేశాం!