పెద్దప్రేగులో కబ్జా

సావనీర్ అనగానే కవితలూ, గల్పికలూ, అధ్యక్షులవారి సందేశమూ, గ్రూపు ఫోటోలూ గుర్తుకు వస్తాయి. వాటి నడుమ విరేచనాల మీద వ్యాసమేమిటని మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. సంపాదకవర్గంలోని సీనియరు ఒకాయన "ఇంకేం దొరకలేదా తమ్మీ?" అని అడగనే అడిగాడు. దొరక్కేం, చాలా ఉన్నాయి. కాని జ్వరం వచ్చిన రోజున డాక్టరు మొహం చూడకుండా నేరుగా మందుల షాపుకు పోయి "అన్నా, యాంటీబయాటిక్ గోలీలు ఓ నాలుగు ఇయ్యి" అని అడగనివాళ్ళు మనలో ఎందరున్నారు? కావాలంటే మన క్యాంటీన్‌లో కూర్చున్నవాళ్ళను వరసగా అడిగి చూడండి.

ఆ గోలీల వల్ల వచ్చే జబ్బు ఒకటుంది. వైద్యులు దాన్ని సూడోమెంబ్రేనస్ కొలైటిస్ అంటారు. మన భాషలో చెప్పుకోవాలంటే, పెద్దప్రేగు లోపలి గోడ వాచి, పుండుపడి, దాని మీద పసుపుపచ్చటి దొంగపొర కట్టడం. ప్రేగులోకి గొట్టం పంపి చూస్తే గోడకు అక్కడక్కడ పెరుగు మీగడ తునకలు అంటించినట్టు కనిపిస్తుందట. నిజానికది చర్మమూ కాదు, పొరా కాదు. చచ్చిన కణాలూ, తెల్ల రక్తకణాలూ, జిగురూ కలిసి గడ్డకట్టిన చెత్త.

చేసేది ఒక బాక్టీరియా. పేరు క్లాస్ట్రిడియం డిఫిసిల్. 2016 నుంచి దాని ఇంటిపేరు మార్చి క్లాస్ట్రిడియాయిడిస్ అంటున్నారు గాని, ఆస్పత్రుల్లో అందరూ ముద్దుగా "సి.డిఫ్" అనే పిలుస్తారు. 1935లో అమెరికాలోని డెన్వర్ నగరంలో హాల్, ఓటూల్ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి పట్టుకున్నారు. ఎక్కడ? ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలో! ప్రయోగశాలలో పెంచడం మహా కష్టమైంది కాబట్టి కష్టమనే అర్థం వచ్చే లాటిన్ మాటనే పేరుగా పెట్టారు. పసివాళ్ళకు ఏమీ చెయ్యడం లేదు గదా అని తరువాత నలభై యేళ్ళపాటు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇక ఇది పెద్దవాళ్ళను ఎలా పట్టుకుంటుందో పాతబస్తీ వాళ్ళకు చెప్పడం చాలా తేలిక. మన పెద్దప్రేగు ఖాళీ గొట్టం కాదు, కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండే బస్తీ. గల్లీలో ఇంటింటా మనుషులుండి, అరుగుల మీద ముసలివాళ్ళు కూర్చుని వచ్చేపోయేవాళ్ళను కనిపెడుతున్నంతకాలం కొత్తవాడెవడూ అక్కడ గజం జాగా ఆక్రమించలేడు. ఇంటివాళ్ళు తాళం పెట్టి పోయారా, నెల తిరక్కుండా ఎవరిదో గోడ లేస్తుంది. యాంటీబయాటిక్ చేసే పని అదే. పంటినొప్పికి కారణమైన క్రిమిని చంపమని పంపిస్తే, దారిలో ఉన్న బస్తీ మొత్తాన్ని ఖాళీ చేయించి వస్తుంది. ఆ ఖాళీలోకి సి.డిఫ్ దిగుతుంది.

ఇందులో ఒక చిత్రమైన రసాయనం కూడా ఉంది. కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలో కొన్ని ఆమ్లాలుంటాయి. అవి సి.డిఫ్ సిద్ధబీజాలను, అంటే స్పోర్లను, మొలకెత్తిస్తాయి. మామూలు రోజుల్లో మన ప్రేగుల్లోని బాక్టీరియాలు ఆ ఆమ్లాలను వేరే రకంగా మార్చేస్తాయి. ఈ రెండోరకం ఆమ్లాలు సి.డిఫ్‌ను ఎదగనివ్వవు. బాక్టీరియాలు పోతే ఆ మార్పిడి చేసేవాళ్ళుండరు. విత్తనం మొలకెత్తుతుంది, అడ్డు ఉండదు. ఎదిగిన క్రిమి ఏ, బీ అనే రెండు విషాలు వదులుతుంది. అవి ప్రేగు కణంలోకి దూరి, కణానికి ఆకారమిచ్చే లోపలి చట్రాన్ని నడిపే ప్రోటీనులకు చక్కెర అణువును తగిలించి పనిచెయ్యకుండా చేస్తాయి. చట్రం కూలుతుంది, కణానికీ కణానికీ మధ్య అతుకు ఊడుతుంది, నీరంతా బయటికి. రోజుకు మూడు మొదలుకొని పదీ పదిహేను విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం. ముదిరితే ప్రేగు కదలిక ఆగి బుడగలా ఉబ్బి చిల్లు పడవచ్చు. అప్పుడు ప్రాణానికే ముప్పు.

దీని చరిత్రలో మన తెలుగువాళ్ళకు సంబంధించిన ముక్క ఒకటుంది. దొంగపొర జబ్బును 1893లోనే అమెరికాలో ఫిన్నీ అనే వైద్యుడు వర్ణించాడు. కడుపు ఆపరేషన్ జరిగిన ఒక యువతి ఆ జబ్బుతో చనిపోయింది. అప్పటికి యాంటీబయాటిక్‌లే లేవు. అంటే అరుదుగా అవి లేకుండానూ వస్తుందన్నమాట. అసలు కథ 1948 తరువాత మొదలయింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన ప్రోత్సాహంతో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ పొలం మట్టిలో దొరికిన బంగారువన్నె సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో రోగాలు దానికి లొంగాయి. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మూలపురుషుడు. ఇలా అనేకరకాల క్రిములను ఒకేసారి చంపే మందులు వచ్చాకే, మందు వాడిన తరువాత వచ్చే కొలైటిస్ ఆస్పత్రుల్లో తరచుగా కనబడసాగింది. ఇందులో సుబ్బారావుగారి తప్పేమీ లేదు. అగ్గిపెట్టె కనిపెట్టినవాడు ఇల్లు తగలబెట్టినవాడు కాడు గదా.

1950లలో వైద్యులు దీనికి స్టాఫిలోకాకస్ అనే క్రిమిని దోషిగా నిలబెట్టి వాంకోమైసిన్ తాగించారు. రోగులకు నయమయింది. దోషి వేరైనా మందు సరిపోయిందన్న సంగతి తరువాత గాని తెలియలేదు. 1974లో సెయింట్ లూయిస్‌లో టెడెస్కో అనే వైద్యుడు క్లిండామైసిన్ వాడిన 200 మందిని వరసగా పరిశీలించాడు. 42 మందికి విరేచనాలు పట్టుకున్నాయి. 20 మందికి ప్రేగులో దొంగపొర కనిపించింది. పదిమందిలో ఒకరు! తరువాత జాన్ బార్ట్‌లెట్, ఆయన సహచరులు చిట్టెలుకలాంటి హామ్‌స్టర్లకు అదే మందిస్తే అవి ప్రేగు వాపుతో చచ్చాయి. వాటి ప్రేగులోని పదార్థాన్ని ఆరోగ్యంగా ఉన్నవాటికి ఎక్కిస్తే అవీ చచ్చాయి. 1978 నాటికి అసలు ముద్దాయి దొరికాడు. ఎవరూ పట్టించుకోని ఆ పసిపిల్లల క్రిమే.

పుస్తకంలో ఇదంతా సాఫీగానే ఉంటుంది. గల్లీలో అలా ఉండదు. మా ఇల్లు అలియాబాద్‌లో. మా గోడను ఆనుకుని ఒక ఖాలా ఇల్లు. అరవై దాటిన మనిషి. షబేబరాత్ ముందు పన్ను వాచి, ఒక మందుల షాపులో అడిగి అయిదు రోజులు క్యాప్సూళ్ళు మింగింది. నొప్పి పోయింది, ఆ సంగతే మరచిపోయింది. రంజాన్ మొదటి వారంలో నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లోవాళ్ళు హలీంను తిట్టారు. జబ్బుపడ్డవాళ్ళకు మినహాయింపు ఉన్నా ఆమె రోజా విడవనంది. కొడుకు పోయి విరేచనాలు టక్కున ఆపే గోలీలు తెచ్చాడు. ఆగాయి, కడుపు మాత్రం డోలులా ఉబ్బింది. మూడో రోజు ఆమె మంచం మీద నుంచి లేవలేకపోతే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాం. నాలుక ఎండిపోయింది, మూత్రం లేదు, తెల్లకణాలు విపరీతంగా పెరిగాయి.

అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు అందరూ అడిగినట్టు "ఏం తిన్నారు?" అని అడగలేదు. "రెండు మూడు నెలల్లో ఏ మందులు మింగారు?" అని అడిగారు. ఖాలా ఆశ్చర్యపోయింది. "దాంత్ కీ దవా ఖాయే తో పేట్ కైకు ఖరాబ్ హోతా బేటా?" అని నన్నే అడిగింది. ఆ క్యాప్సూల్ అట్ట ఇంకా అల్మారాలోనే ఉంది. క్లిండామైసిన్! మలపరీక్షలో సి.డిఫ్ విషం బయటపడింది. వాంకోమైసిన్ మొదలుపెట్టారు. ఇక్కడొక విశేషం. ఈ మందును నరానికి ఎక్కిస్తే పెద్దప్రేగు లోపలికి చేరదు, తాగితేనే పని చేస్తుంది. అందుకని ఇంజెక్షన్ సీసాలోని పొడిని నీళ్ళలో కలిపి, పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు, పది రోజులు తాగించారు. ఇంజెక్షన్ మందును తాగిస్తున్నారేమిటని బంధువులు నర్సుతో పోట్లాటకు దిగితే సర్ది చెప్పడం నా వంతయింది. ఆమె లేచి తిరిగింది, మూడు వారాలకు మళ్ళీ తిరగబెట్టింది, మళ్ళీ మందు తాగింది. అయిదుగురిలో ఒకరికి ఇలా తిరగబెడుతుందని లెక్క.

యాంటీబయాటిక్ వాడినప్పుడు వచ్చే ప్రతి విరేచనమూ సి.డిఫ్ అని బెదరకండి. అలాంటి విరేచనాల్లో నాలుగో వంతుకు మించి దీనివల్ల రావు. మిగతావి చాలావరకు మందు ఆపగానే తగ్గుతాయి. కాని మందు వాడుతుండగా గాని, ఆపిన రెండు మూడు నెలల్లోపు గాని రోజుకు మూడుకు మించి నీళ్ళ విరేచనాలైతే డాక్టరుకు పాత మందుల సంగతి చెప్పాలి. ఆయన అడక్కపోయినా చెప్పాలి. ఆపే గోలీలు సొంతంగా మింగరాదు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలిపి తాగుతూ ఉండాలి. సగం పొట్లం సగం గ్లాసు లెక్కలు వద్దు. పెరుగన్నం తినవచ్చునా అని అడుగుతారు. తినండి, మంచిదే. కాని అది భోజనమే సుమా, మందు కాదు.

క్లిండామైసిన్ ఒక్కటే కాదు, సెఫలోస్పోరిన్లు, ఫ్లోరోక్వినొలోన్లు, క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్, ఇవన్నీ ఆ జాబితాలోనివే. వయసు మళ్ళినవాళ్ళకు, ఆస్పత్రిలో ఎక్కువ రోజులున్నవాళ్ళకు ప్రమాదం హెచ్చు. బిర్యానీ తిన్న ప్రతిసారీ గ్యాస్ గోలీ వేసుకునే మన అలవాటుకు కూడా దీనితో సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. ఇంకో సంగతి. కరోనా నాటి నుంచి అందరి జేబుల్లోకీ చేరిన శానిటైజరు సిద్ధబీజాలను చంపలేదు. సారాయి వాటిని ఏమీ చెయ్యదు. సబ్బూ నీళ్ళూ పెట్టి చేతులు రుద్ది కడిగితేనే అవి జారిపోతాయి. రోగి వాడిన పాయిఖానాను బ్లీచింగ్‌తో కడగాలి.

మన దేశంలో ఈ జబ్బు గురించి చండీగఢ్ పి.జి.ఐ. వంటి చోట్ల ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. అయినా మామూలు జనంలో దీని పేరు విన్నవాడు లేడు. కారణం నాకు తోచింది చెబుతాను. మనకు విరేచనాలంటే కలుషితమైన నీరు, బజారు తిండి, అమీబా. ఈ మూడూ మన ఊళ్ళో ఉన్నవే కాబట్టి నాలుగో కారణాన్ని వెతికే ఓపిక ఎవరికీ లేదు. పైగా అమీబా అనుకుని మింగే మెట్రోనిడజోల్ దశాబ్దాలపాటు సి.డిఫ్‌కు కూడా మొదటి మందు. ఇప్పుడు వాంకోమైసిన్‌నూ, 2011లో వచ్చిన ఫిడాక్సోమైసిన్‌నూ దానికంటె మెరుగంటున్నారు. పేరు తెలియకుండానే జబ్బు వచ్చి, పేరు తెలియకుండానే నయమైనవాళ్ళు మన బస్తీల్లో లేకపోలేదని నా అనుమానం.

మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవాళ్ళకు చేసే చికిత్స వింటే నవ్వుతారో, మొహం చిట్లిస్తారో మీ ఇష్టం. ఆరోగ్యవంతుడి మలాన్ని నీళ్ళలో కలిపి, వడగట్టి, రోగి ప్రేగులోకి ఎక్కిస్తారు. ఖాళీ అయిన బస్తీకి పాత కాపురాలను తెచ్చి దింపడమన్నమాట. 1958లో డెన్వర్‌లో ఐజ్‌మన్ అనే సర్జన్ నలుగురికి ఇలా చేశాడు. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు పద్ధతి ప్రకారం పరీక్షించగా ఒక్కసారికే 16 మందిలో 13 మందికి నయమయింది. వట్టి వాంకోమైసిన్ తాగినవాళ్ళలో 13 మందికి నలుగురే బాగుపడ్డారు. తేడా ఇంత స్పష్టంగా కనబడడంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2023లో అమెరికా దీన్ని క్యాప్సూల్ రూపంలో కూడా అనుమతించింది. ఖాలాకు ఈ సంగతి చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

హైదరాబాదు మందుల కర్మాగారాల ఊరు. ప్రపంచానికి గోలీలు పంపిస్తున్నాం, సంతోషమే. అయితే 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు దగ్గర అనేక మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ. ఈ ఫ్లోరోక్వినొలోన్ల జాతికే లొంగని సి.డిఫ్ రకం ఒకటి 2000 తరువాత కెనడా, అమెరికా, ఇంగ్లండు ఆస్పత్రులను గడగడలాడించింది. ఇంగ్లండు వాళ్ళు ఆ మందుల వాడకాన్ని బిగించాక, 2007 నుంచి కేసులు బాగా తగ్గిపోయాయి.

మన దగ్గర కూడా చట్టం లేకపోలేదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్-1 అమలులో ఉంది. సెఫలోస్పోరిన్లలో చాలా వాటికి చీటీ చూడాలి, రోగి పేరూ డాక్టరు పేరూ వేరే రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు భద్రపరచాలి. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను మా గల్లీ చుట్టుపక్కల మూడు షాపుల్లో ఆ రిజిస్టరు చూపించమని అడిగాను. ఒకాయన కరెంటు బిల్లుల పుస్తకం తీశాడు. ఒకాయన "నువ్వు ఏ పార్టీ?" అన్నాడు. మూడో షాపులో నిజంగానే రిజిస్టరు ఉంది. చివరి పేరు రాసి పదకొండు నెలలయింది.