శానిటరీ ఇన్‌స్పెక్టరు చదువు

ఆరోగ్యమన్నంతనే మనకు ఆసుపత్రియు, మందుసీసాయు, వైద్యుడును జ్ఞప్తికి వత్తురు. రోగము రాకుండ జూచుట యొక యుద్యోగమనియు, దానికొక చదువు గలదనియు నెరిగినవారు తక్కువ. శానిటరీ ఇన్‌స్పెక్టరన్నచో మురికికాలువల వెంట దిరుగుచు అంగళ్లవారిని గద్దించువాడని సామాన్యుల యభిప్రాయము. ఆడపిల్ల యా పనిలో జేరెదనన్నచో ముఖము చిట్లించు పెద్దలును గలరు. కర్నూలు, కడప జిల్లాలవంటి మెట్టసీమలో ఈ పని యెంతటిదో, దానిని నేర్చుకొనువారు మొదట నేర్వవలసిన దేమో సోదరీమణులకు దెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మదరాసు రాజధానిలో 1939వ సంవత్సరమున ప్రజారోగ్యచట్టము వెలువడెను. నీటివసతి, మురుగుకాలువలు, అంటువ్యాధులు మున్నగువాని విషయమున స్థానికసంస్థలకును ఆరోగ్యోద్యోగులకును ఆ చట్టము అధికారముల నొసగెను. నాడు కర్నూలు, కడప జిల్లాలు ఆ రాజధానిలోనివే. ఎనుబదియేండ్ల పిమ్మట, 2019లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పట్టణములలో వార్డు సచివాలయములను నెలకొల్పి, పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి యను నుద్యోగమును గల్పించెను. శాస్త్రములు చదివి పట్టము పొందిన యువతీయువకులు రెండేండ్ల ప్రొబేషను నియమముతో అందు ప్రవేశించిరి. పూర్వము పురుషులకే చెల్లినదనుకొన్న పని యిట్లు మన బాలికల చేతికిని వచ్చినది.

రాయలసీమలో ఈ పనికి వచ్చినవారు మొదట పరీక్షింపవలసినది నీరు. వానలు తక్కువ, ఏరులు వేసవిలో ఎండిపోవును, దొరికిన నీటినే త్రాగవలసియుండును. నీటికరవున్నచోట నీటిరోగమును తోడుగా నుండుననుటకు నారికురుపు చరిత్రయే నిదర్శనము.

ఇప్పటి పిల్లలు ఆ పేరైనను వినియుండరు. వారి తాతలకు మాత్రము అది తెలిసిన బాధయే. దిగుడుబావులలోని నిలువనీటిలో సైక్లాప్సు అను మిక్కిలి చిన్న నీటిపురుగు లుండును. వానిలో నారిపురుగు పిల్లలు దాగియుండును. ఆ నీరు త్రాగినవారి శరీరములో అది సుమారొక సంవత్సరము పెరిగి, రెండుమూడడుగుల పొడవైన దారమువలె, తరచుగా కాలినుండి, బొబ్బ పగిలి వెలువడును. దానిని లాగిన తెగిపోవును. పుల్లకు జుట్టుచు, దినమునకు కొంచెము కొంచెముగా వెలికి దీయవలెను. ఆ మంట నోర్వలేక రోగి నీళ్లలో గాలుంచును. అప్పుడు పురుగు వేలకొలది పిల్లలను ఆ నీటిలో విడుచును. మెట్లు దిగి కాలు తడుపుకొన్న ఒక్కరివలన ఊరంతటికిని మరుసటియేడు రోగము సిద్ధమగుచుండెను. చేనిపనుల కాలమున మగవారు మంచమెక్కుచుండిరి. తల్లులు చంటిబిడ్డలను ఎత్తుకొనలేకుండిరి.

ఈ రోగమునకు టీకా లేదు. దానిని లోపలనే చంపు మందును లేదు. భారతప్రభుత్వము 1983-84లో దీని నిర్మూలనకై ప్రణాళిక నారంభించెను. ఆంధ్రప్రదేశమును, అందు కర్నూలు జిల్లాయు ఈ వ్యాధి పీడిత ప్రదేశములలోనివే. ఇన్‌స్పెక్టర్లును ఆరోగ్యకార్యకర్తలును ఊరూర రోగులను వెదకిరి, బావులలో సైక్లాప్సును జంపు మందు వేసిరి, నీటిని గుడ్డతో వడకట్టుకొమ్మని యింటింట జెప్పిరి, దిగుడుబావుల మెట్లు మూసి, చేదబావులుగా మార్పించిరి, బోరుబావులు త్రవ్వించిరి. దేశమున కడపటి రోగి 1996 జూలైలో రాజస్థానములోని జోధ్‌పూరు జిల్లాలో కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచారోగ్యసంస్థ మనదేశమును ఈ వ్యాధినుండి విముక్తమైనదిగా ధ్రువపరచెను.

ఇది కాగితముమీద సులభముగా గనబడును గాని, మెట్లు మూయుట యనగా నేమి? అంతవరకు దిగి, బిందె ముంచి, చంకన బెట్టుకొని వచ్చుచుండిన స్త్రీ, ఇకమీదట గిలకకు తాడు వేసి, బిందెకు బిందె చేదుకొనవలెను. ఆ కష్టము ఉత్తరువు వ్రాసినవారిది గాదు. అడిగి చెప్పక మెట్లు మూయించినచో, ఆ యిల్లాలు మరియొక చెడునీటికుంటను వెదకుకొనును. కొన్ని యూళ్లలో కొన్ని కులములవారిని బావిచెంతకే రానీయకుండిరి. ఊరి బావికి గిలక వేయించి సంతసించు ఉద్యోగి, ఆ వెలుపలివా రేనీరు త్రాగుచున్నారో కూడ విచారింపనిచో, పని సగమే చేసినవాడగును. చట్టపు పుస్తకమునకు తోడుగా, నీరు మోయువారి మాట వినుటయు ఈ చదువులోని పాఠమే.

ఇక బావినీటిని శుద్ధిచేయు పద్ధతి యొకటి చెప్పెదను. నేర్చుకొను బాలిక మొదట తాడునకు రాయి గట్టి నీటిలోతును, పిమ్మట బావి వెడల్పును కొలుచును. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీటిలోతు గల గుండ్రని బావిలో సుమారు 28,260 లీటర్ల నీరుండును. ఇందు బ్లీచింగు పొడి యెంత వేయవలెను? నీటి మాలిన్యమునుబట్టి ఆ మోతాదు మారును. దానిని తెలిసికొనుటకు ఇంగ్లీషు సైనికవైద్యుడగు హారాక్సు కల్పించిన చిన్న పెట్టె యొకటి గలదు. అందు ఆరు తెల్లని గిన్నెలును ఒక నల్లని గిన్నెయు నుండును. నల్లగిన్నెలో రెండుగ్రాముల పొడిని కలిపి, తెల్లగిన్నెలలోని బావినీటిలో వరుసగా ఒకటి, రెండు, మూడు చొప్పున ఆ ద్రావకపు బొట్లు వేసి, అరగంట యాగి, గంజితో జేసిన సూచకద్రావకమును వేయుదురు. నీలవర్ణము స్పష్టముగా గనబడిన మొదటి గిన్నె మూడవదైనచో, 455 లీటర్లకు ఆరుగ్రాములు కావలెనని యర్థము. మన బావికి సుమారు 373 గ్రాములగును. వంటలో ఉప్పు పాళ మెరిగిన స్త్రీకి ఈ లెక్క కష్టముగాదు.

పొడిని బకెట్టులో గలిపి, సున్నము అడుగున దిగనిచ్చి, పైతేటను మాత్రమే బావిలోనికి దింపి కలియబెట్టుదురు. గంట గడచువరకు నీరు చేదరాదు. ఆ తరువాత లీటరునకు అరమిల్లీగ్రాము క్లోరిను నీటిలో మిగిలియుండవలెను. కాని యసలు పరీక్ష యింటిలో జరుగును. “మందువాసన కొట్టుచున్న” దని యిల్లాలు ఆ నీటిని పారబోసి, వాసనలేని కుంటనీటిని దెచ్చుకొన్నచో, దినచర్యపుస్తకములో “బ్లీచింగు చేయబడినది” అని వ్రాసియు లాభమేమి? ఆ కొలదివాసన నీటికి కాపలాయున్నదనుటకు గుర్తు అని ఓపికతో దెలుపవలెను. మూతలేని బిందెలో కొంతసేపుంచిన వాసన తగ్గును గాని కాపలాయు తగ్గును. కావున బిందెకు మూత, ముంచుటకు పిడిగల గరిటె యవసరము. ఇంటిలోపలికి వెళ్లి తోటి స్త్రీగా ఈ మాటలు చెప్పగల బాలిక యుండుట ఎంత మేలో ఊహింపుడు.

పాతచీర విలువయు దీనివలన దెలియును. బంగ్లాదేశములో పాతనూలుచీరను మడతలుపెట్టి నీరు వడకట్టుకొన్న పల్లెలలో కలరా సుమారు సగమునకు తగ్గెనని 2003లో వెల్లడియైన పరిశోధన యొకటి చూపెను. సూక్ష్మక్రిములు నీటిపురుగుల నంటుకొనియుండుటవలన వడకట్టుట ఫలించినది. అయినను వడకట్టిన నీటిలోను క్రిములు మిగులవచ్చును గావున, కాచుటయో క్లోరినుతో శుద్ధిచేయుటయో మానరాదు.

కరవుసీమకు వరదయు వచ్చును. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచినవి. నీరు దిగిన పిమ్మట ఇండ్లలో బురద, చెడిన ధాన్యము, కలుషితమైన త్రాగునీరు. అట్టి సమయమున అంటువ్యాధి వ్యాపింపకుండుట, బురద నెత్తు పారిశుద్ధ్య కార్మికులమీదను, నీటిని పరీక్షించువారిమీదను ఆధారపడియుండును. ఆ కార్మికులకు చేతితొడుగులును బూట్లును ఇప్పించుటయు ఇన్‌స్పెక్టరు కర్తవ్యమే.

తుదకొక హెచ్చరిక. తేటనీరెల్ల మంచినీరు గాదు. లోతైన బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నుండవచ్చును. దీనివలని వ్యాధి మన దేశమున 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తింపబడెను. రాయలసీమలోను ఫ్లోరైడు నీళ్లు గలవు. దానికి రంగులేదు, వాసనలేదు; బ్లీచింగుచే పోదు; కాచిన నీరు తగ్గి ఫ్లోరైడు మరింత చిక్కబడును. లీటరునకు ఒక మిల్లీగ్రాము మించరాదని మనదేశపు ప్రమాణము. వేరు నీరు లేనిచోట ఒకటిన్నర వరకు సహింతురు. పిల్లల పండ్లపై గోధుమవర్ణపు మచ్చలు గనబడినచో తల్లి యుపేక్షింపక నీటిని పరీక్షింపించుకొనవలెను. నారికురుపును పోగొట్టుటకు త్రవ్విన బోర్లే కొన్నిచోట్ల ఈ చిక్కును దెచ్చుట చూడగా, పరీక్ష యొకసారి చేసి మరచునది కాదని స్పష్టము.

కావున సోదరీమణులారా! మీ వీధికి ఈ పని నేర్చుకొను బాలిక వచ్చినచో, మురికి వెదకవచ్చినదని తలుపు మూయకుడు. మీ బావిలోతును, మీ నీటి రుచిని, మీ కష్టమును ఆమెకు జెప్పుడు. మీ నీటిలో ఏమున్నదో ఆమె నడిగి తెలిసికొనుడు. మీ కుమార్తె ఈ చదువు కోరినచో అడ్డగింపకుడు. నారికురుపు మన గడప దాటిపోయినది ఇట్టి పనివారి చేతను, నీరు వడకట్టిన తల్లుల చేతను గదా!