మీకు తెలుసా? కొత్త పిస్టల్‌కూ ‘రన్నింగ్ ఇన్’ ఉంటుంది!

కొత్త బైకు కొంటే మొదట్లో నెమ్మదిగా నడపమని షోరూం వాళ్లు చెబుతారు కదా! సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌దీ అదే కథ. పేలిన ప్రతిసారీ పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ తొడుగును బయటికి విసురుతుంది. స్ప్రింగు బలంతో ముందుకొస్తూ కొత్త తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది. స్లైడ్ జారే, లోహం మీద లోహం రాసుకునే పట్టాలు కొత్తలో కాస్త బిగుతుగా ఉంటాయి. అందుకే అమెరికా కంపెనీ ‘కార్’, 200 తూటాలు కాల్చాకే తన పిస్టల్‌ను నమ్ముకోమని మాన్యువల్‌లోనే రాసింది.

ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకున్న గ్లాక్ పిస్టల్‌ది మరో తమాషా. కొత్తదాని స్లైడ్ లోపల అక్కడక్కడా రాగిరంగు గ్రీజు కనిపిస్తుంది. మురికేమో అనుకుని గుడ్డ అందుకోబోతాం. తుడవొద్దంటుంది కంపెనీ. అది చాలాకాలం పనిచేసే కందెన మరి! ఆపైన వేసే నూనె అంతా చుక్కల లెక్కే. అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఫ్రేము కుడివైపు వెనక మూల. ట్రిగ్గర్ బార్ కొస, కనెక్టర్ అనే భాగాన్ని తాకే దగ్గర ఒక్క చుక్క చాలు.

ఎక్కువైతే? మసీ ధూళీ నూనెకు అంటుకుని ముద్ద కడతాయి. నూనె ఫైరింగ్ పిన్ దారిలోకి దిగితే పిన్ను దెబ్బ మందగిస్తుంది. తూటా ప్రైమర్‌లోకి ఇంకితే అసలు పేలకనే పోవచ్చు. బండి ఇరుసుకు పెట్టినట్టు దండిగా పూయడం ఇక్కడ పనికిరాదు.

శుభ్రం చేసేముందు మాత్రం మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడండి, వేలితోనూ తడిమి చూడండి.