'ఊరు': ఒక పదం, పలు భాషలు

ఈ భాగం చదివిన తరువాత మీరు సోదర భాషల సాయంతో ఒక పదం మూలాన్ని, దాని అర్థాల్లో వచ్చిన తేడాలను వివరించగలుగుతారు.

1. పదం ప్రాచీనత

కడప జిల్లాలో కొన్ని పేర్లు గమనించండి: వల్లూరు, చెన్నూరు, మైదుకూరు, దువ్వూరు, ప్రొద్దుటూరు. అన్నింటి చివరా 'ఊరు' ఉంది. ఇదే జిల్లాలోని కలమళ్ళ శాసనం తెలుగులో లభించిన తొలి శాసనాల్లో ఒకటి, సుమారు క్రీ.శ. 575 నాటిది. అందులో 'చెనూరు', 'చిఱుంబూరి' అనే రూపాలున్నాయి. రెండవదానిలో 'ఊరు' 'ఊరి'గా మారింది. నేడు మనం 'ఊరి చెరువు' అన్నప్పుడు జరిగేదీ ఈ మార్పే. దీనినే ఔపవిభక్తికం అంటారు.

2. సోదర రూపాలు

తమిళ, మలయాళాల్లో ఈ పదం 'ఊర్'. కన్నడ, తుళు భాషల్లో 'ఊరు'. కాబట్టి దీని మూలరూపం 'ఊర్' అని చెప్పవచ్చు. తెలుగు అజంత భాష కనుక చివర 'ఉ' చేరింది.

3. పోలిక చూసి మోసపోకూడదు

నీరు ఊరే చోటు కనుక 'ఊరు' అయిందని మీకు అనిపించవచ్చు. అది సరికాదు. నీరు ఊరడాన్ని తెలిపే క్రియ పాత తెలుగులో 'ఊఱు'. అందులో ఉన్నది బండి ఱ. తమిళంలో నేటికీ గ్రామం 'ఊర్', ఊటకు సంబంధించిన పదం 'ఊఱు'. తెలుగులో ఱ, ర కలిసిపోవడంతో రెండు వేరు పదాలు ఒకటిగా కనిపిస్తున్నాయి.

4. అర్థాల్లో తేడా

మూలం ఒకటైనా అర్థం అంతటా ఒకటే కాదు. చోళుల కాలపు తమిళ శాసనాల్లో గ్రామ భూస్వాముల సభకు కూడా 'ఊర్' అనే పేరు. కేరళలో 'ఊరు' అంటే ముఖ్యంగా గిరిజనుల నివాసం. తెలుగులో 'ఊరూ వాడా' అని రెండూ కలిపితేనే 'అందరూ' అనే అర్థం వస్తుంది. అంటే దళితులుండే వాడను ఒకనాడు 'ఊరు'లో లెక్కించలేదన్నమాట. తమిళంలో 'ఊర్–చేరి' జంట చెప్పేదీ ఇదే. పదం చరిత్రలో సమాజ చరిత్ర కూడా దాగి ఉంటుంది.

జర్మానిక్ భాషల్లోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. ఇంగ్లీషు 'టౌన్' పట్టణం. దాని సోదర పదమైన జర్మన్ 'త్సౌన్' కంచె. డచ్ భాషలోని సోదర పదానికి తోట అని అర్థం. చుట్టూ కంచె వేసిన చోటు అన్న భావమే మూడింటికీ మూలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ మండలంలో 'ఊరు' చివర ఉన్న ఐదు పేర్లు రాయండి. వాటి ఔపవిభక్తిక రూపాలు చెప్పండి.