బార్‌కోడ్ చూసి దేశం చెప్పేస్తారా?

సరిహద్దులో గొడవ జరిగినా, ఏదో ఒక దేశంమీద కోపం వచ్చినా అదే మెసేజ్ మళ్లీ ఫోన్లలోకి వచ్చేస్తుంది. బార్‌కోడ్ 690 నుంచి 699 మధ్య అంకెతో మొదలైతే చైనా సరుకు, 890 అయితే మనది, చూసి కొనండి అని. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఇది ఊరూరా తిరిగింది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ దువ్వెనలు, బొమ్మలు అమ్ముకునే చిన్న అంగళ్లవాళ్లు ఈ అంకెల వల్ల మాటలు పడుతున్నారు. ఆ మెసేజ్ తప్పు. మొదటినుంచి చివరిదాకా తప్పు.

బార్‌కోడ్ అంకెలిచ్చేది జీఎస్1 అనే అంతర్జాతీయ సంస్థ. దానికి దేశదేశానా శాఖలున్నాయి. కంపెనీ ఏ శాఖలో నమోదైందో చెప్పడం వరకే మొదటి మూడంకెల పని. సరుకు ఎక్కడ తయారైందో వాటికి తెలియదు. ఈ మాట జీఎస్1 వాళ్లే చెప్పారు. ఢిల్లీ వ్యాపారి ఒకాయన చైనాలో బొమ్మలు చేయించి, తన బ్రాండు పేరు వేసి తెప్పిస్తే వాటిమీద 890 ఉండొచ్చు. మీరు ఏరికోరి కొన్నది అదే కావచ్చు.

దేశం తెలియాలంటే ప్యాకెట్ తిప్పి చదవండి. 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం దిగుమతి సరుకుమీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ఉండి తీరాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లూ ఈ వివరాలు చూపాలి. లేకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అంగడాయనతో తగాదా దేనికి?

ఇక ‘చైనా ఫోన్’ సంగతి. షావోమీ మన దేశంలో చేయించిన మొదటి ఫోన్, రెడ్‌మీ 2 ప్రైమ్, 2015 ఆగస్టులో మన శ్రీసిటీ నుంచే వచ్చింది. బ్రాండు చైనాది, ఫ్యాక్టరీ నడిపింది తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్, కూర్చుని బిగించింది మన పిల్లలు. దాన్ని ఏ దేశం ఖాతాలో వేస్తారు? అయితే చిప్పులు, కీలకమైన భాగాలు బయటినుంచే వస్తాయని, లాభం బ్రాండు యజమానికే పోతుందని అనేవాళ్ల మాట కొట్టేయలేం. అది నిజం. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి.

పేరు చూసీ నమ్మలేం. హిందుస్థాన్ యూనిలీవర్ పేరులో హిందుస్థాన్ ఉన్నంత మాత్రాన అది స్వదేశీ కాదు, సగానికి పైగా వాటా లండన్ కంపెనీదే.

2025లో అమెరికా మన సరుకుమీద సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు అక్కడి కూల్‌డ్రింకులు మానేయాలన్నారు. మానేస్తే మన రైతు బాగుపడతాడట! మాజా 1993 నుంచి కోకాకోలాది. మామిడి డ్రింకుల్లోకి పోయే తోతాపురి గుజ్జుకు చిత్తూరు జిల్లా పెద్ద కేంద్రం. ఆ డ్రింకుల అమ్మకం పడిపోతే మొదట దెబ్బతినేది మన తోటలే. ఆ ఏడాది సీజన్లో అప్పటికే తోతాపురి ధర కుప్పకూలింది. కిలోకు 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదని రైతులు మొత్తుకున్నారు. డ్రింకు తాగండని నేను చెప్పడం లేదు. రైతుమీద ప్రేమ ఉంటే సీసా యజమాని ఏ దేశంవాడో అడిగే గొంతుతోనే, కాయకు ఎంత కట్టారని కూడా అడగండి. తోతాపురి కాలంలో నేరుగా తోటలోనే కొనండి.

స్వదేశీ అయితే చాలు, న్యాయమైన సరుకే అన్న నమ్మకం కూడా వదులుకోండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా వెదురు కలంతో గీసే మనిషి పొట్ట కొడుతున్నది విదేశీ బట్ట కాదు, మన దేశంలోనే మిల్లుల్లో అచ్చేసి ‘కలంకారీ’ పేరుతో అమ్మే చీర. చీర పరిచి రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. గీత గీతకూ అచ్చం ఒకేలా ఉంటే అది అచ్చు. చేత్తో గీసినవి ఎంత దగ్గరగా ఉన్నా ఎక్కడో తేడా పడతాయి. ఎవరు గీశారో, ఎన్నిసార్లు ఉతికి రంగు వేశారో చెప్పగలిగిన చోటే కొనండి, అక్కడ ధర గీచి గీచి బేరమాడకండి.