బిగిసిన పిస్టన్

ముత్తుకూరు సముద్రానికి చేరువ. అక్కడి ఒక పెరటిలో ఏండ్ల తరబడి వానకు తడిసిన పవర్ టిల్లరును తండ్రీ, హైస్కూలులో చదివే కొడుకూ కలిసి బాగుచేయ పూనుకొన్నారనుకొందాం. 1967లో బెంగుళూరులో స్థాపితమైన వి.ఎస్.టి. సంస్థ జపాను మిత్సుబిషి కంపెనీ సహకారంతో తయారుచేసిన యంత్రాల వంటిదే అది. హాండిల్ తిప్పితే ఇంజను కదలదు. తండ్రి సుత్తె అందుకొంటాడు. అదే పొరపాటు.

ఇనుము తేమతోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి తుప్పు అవుతుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు ఆ తేమలో కరిగి విద్యుత్తు సులభంగా ప్రసరించేట్లు చేస్తుంది. అందుచేత తుప్పు మరింత వేగంగా పడుతుంది. పైగా తుప్పు, తాను పుట్టిన ఇనుము కన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సిలిండరుకూ పిస్టనుకూ నడుమనున్న సన్నని సందు ఇట్లా పూడిపోతుంది. సుత్తెదెబ్బకు తుప్పు వదలకపోవచ్చు గాని, అల్యూమినియం పిస్టను పగలవచ్చు.

కిరసనాయిలులో కొంచెం ఇంజను ఆయిలు కలిపి పిస్టను మీద పోసి, కొన్నాళ్ళు నాననివ్వాలి. వత్తిలో నూనె ఎగబ్రాకినట్లే అది సందులలోనికి పాకుతుంది. ఈ ఇంజనులలో సిలిండరు అడ్డంగా ఉంటుంది. కావున ఇంజనును దింపి, హెడ్డు విప్పి, ఆ వైపు మీదికి వచ్చేట్లు నిలబెట్టవలె. ఒంటరిగా చేయదగిన పని కాదు. రోజూ ఫ్లైవీలును ముందుకూ వెనుకకూ మెల్లగా కదిపి చూడాలి. వెంట్రుకవాసి కదిలినా నూనెకు కొత్త దారి దొరికినట్లే. (ఈ ఓపిక కుర్రవానికన్న తండ్రికే కష్టం!) పిస్టను వదిలిన తరువాత సిలిండరు గోడను తడిమి చూడాలి; లోతుగా గుంటలు పడితే లైనరు మార్చక తప్పదు. క్రిందికి దిగిన కిరసనాయిలు అడుగున ఉన్న ఆయిలును పలుచన చేస్తుంది గనుక, దానిని తీసి కొత్తది పోయనిదే ఇంజను నడపరాదు.